మూడు సెకన్లు ఆగగలిగే టీచరు

"ఎంటు, ఐదు కూడిదరె ఎష్టు?"

ఎనిమిదీ ఐదూ కలిపితే ఎంత అని అడుగుతున్నారు టీచరు. బెంగళూరులోని ఏ ప్రభుత్వ కన్నడ మాధ్యమ ప్రాథమిక పాఠశాలకు వెళ్లినా రెండో తరగతిలో వినిపించే ప్రశ్నే ఇది. ఆ తరగతిలో ఒక పిల్లవాడి అమ్మానాన్నలు అనంతపురం వైపు నుంచి ఇళ్ల నిర్మాణ పనులకు వలస వచ్చారనుకుందాం. వాడికి కూడిక వచ్చు. బల్ల కింద వేళ్లు మడిచి చూసుకున్నాడు. పదమూడు. ఆ మాట తెలుగులో నాలుక చివరే ఉంది, కానీ కన్నడంలో చెప్పాలి. వాడు "హది..." అని మొదలుపెట్టి, మిగతా సగం కోసం వెతుక్కుంటూ టీచరు ముఖం వైపు చూస్తాడు. "హదిమూరు" అన్న మాట బయటికి రావడానికి ఇంకో రెండు మూడు సెకన్లు పడుతుంది.

ఆ రెండు మూడు సెకన్లలో ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. టీచరు చూపు వాడి మీదే నిలిచి, "హేళప్పా" (చెప్పు నాయనా) అన్నట్టు తల ఊపితే జవాబు వస్తుంది. చూపు పక్క పిల్ల మీదికి జరిగిపోతే వాడు నోరు మూసుకుంటాడు. ఇది రోజుకు పదిసార్లు జరిగితే, ఏడాది చివరికి "వీడు లెక్కల్లో వెనకబడ్డాడు" అన్న మాట వాడి పేరు పక్కన చేరిపోతుంది. వాడు వెనకబడింది లెక్కల్లో కాదు.

అమెరికాలో సైన్స్ బోధన మీద పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల సంభాషణలను రికార్డు చేసి, నిశ్శబ్దాలను కొలిచారు. ప్రశ్న అడిగిన తర్వాత టీచర్లు జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ సెకనును మూడు సెకన్లకు పెంచితే చాలు, పిల్లల జవాబులు కొన్ని రెట్లు పొడవయ్యాయి, "తెలియదు" అనేవారు తగ్గారు, అప్పటిదాకా నోరు విప్పనివారు మాట్లాడటం మొదలుపెట్టారు, పిల్లలు తమంతట తాము ప్రశ్నలు అడగసాగారు. ఖర్చు లేని, పుస్తకం అక్కర్లేని, సిలబస్ మార్చనవసరం లేని మార్పు ఇది. రెండు భాషల మధ్య నిలబడ్డ పిల్లవాడికి ఆ అదనపు సెకన్లు మరీ అవసరం. వాడు ఒకేసారి రెండు పనులు చేస్తున్నాడు మరి.

ఇంత తేలికైన మార్పు యాభై ఏళ్లయినా అన్ని తరగతుల్లోకీ ఎందుకు రాలేదు? టీచర్లకు తెలియక కాదు, శిక్షణ తరగతుల్లో ఈ మాట చెబుతూనే ఉన్నారు. కానీ ఆగడానికి ఓపిక కావాలి. తలలో మరో నాలుగు పనులు తిరుగుతున్న మనిషి మూడు సెకన్లు నిశ్శబ్దంగా నిలబడలేడు. టీచర్ల బాగోగుల గురించిన చర్చ నిజానికి ఇక్కడ మొదలు కావాలి. అది ఉద్యోగుల సంక్షేమానికి సంబంధించిన విషయమని, పిల్లల చదువు వేరే విషయమని విడదీసి మాట్లాడటం అలవాటైపోయింది. తరగతి గదిలో ఆ రెండూ ఒకటే. టీచరులో మిగిలి ఉన్న ఓపికే పిల్లవాడికి దొరికే సమయం.

బెంగళూరు టీచరు మీద భాషల బరువు కూడా ఉంది. ఒకే గదిలో ఇంట్లో కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, హిందీ మాట్లాడే పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. 2015లో చేసిన కన్నడ భాషాభ్యాస చట్టం ప్రకారం కర్ణాటకలోని బడులన్నింటిలో కన్నడం మొదటి లేదా రెండో భాషగా నేర్పాలి. నగరంలో పెరిగే పిల్లలు నగరం భాష నేర్చుకోవడం వారికి మేలే. నేర్పే మనిషికి మాత్రం అది చాలా శ్రద్ధ కోరే పని. తెలుగు ఇంటి పిల్ల "హాలు" అని రాయాల్సిన చోట "పాలు" అని రాసిందనుకోండి. స్థిమితంగా ఉన్న టీచరుకు అందులో ఒక తాళంచెవి కనిపిస్తుంది. తెలుగులో పాలు కన్నడంలో హాలు, మన పులి అక్కడ హులి, మన పువ్వు అక్కడ హూవు. తెలుగు ప-కారం చాలా మాటల్లో కన్నడ హ-కారం అవుతుందన్న చిన్న సూత్రం పిల్ల చేతికి అందిస్తే, పది మాటలు ఒకేసారి పట్టుబడతాయి. పైగా తన ఇంటి భాష తప్పు కాదని, అది ఒక మెట్టని ఆ పిల్లకు తెలుస్తుంది. అలసిపోయిన టీచరు చేతిలో అదే మాటకు ఎర్రగీత పడుతుంది. టీచరు అదే మనిషి, తెలివీ అదే. తేడా అంతా ఆ మధ్యాహ్నం ఆమెలో ఎంత శక్తి మిగిలిందన్న దాంట్లోనే ఉంది.

శక్తి అనగానే మనసు గురించే ఆలోచిస్తాం గానీ, ముందు అలసిపోయేది గొంతు. రోడ్డుకు ఆనుకుని ఉన్న బడిలో కిటికీలు మూస్తే ఉక్కపోత, తెరిస్తే హారన్ల మోత. తరగతి గదిలో బయటి నుంచి వచ్చే శబ్దం 35 డెసిబెళ్లకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో సూచించింది. మన దేశంలోనూ 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలు బడుల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలం ఉండాలని, పగటిపూట 50 డెసిబెళ్లు దాటకూడదని చెబుతున్నాయి. బెంగళూరు కూడళ్లలో బడి గోడకు తగిలించిన "హారన్ మోగించరాదు" బోర్డు కిందే హారన్లు మోగుతుంటాయి. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎత్యేన్ లొంబార్ 1911లో వివరించిన ఈ లక్షణం ఆయన పేరుతోనే ప్రసిద్ధం. టీచరు గొంతు పెంచితే పిల్లలూ పెంచుతారు, దాన్ని దాటడానికి టీచరు ఇంకొంచెం పెంచుతారు. సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. ఏ స్టాఫ్ రూములో చూసినా బల్ల మీద వేడినీళ్ల ఫ్లాస్కులు, మిరియాల పొడి పొట్లాలు ఉండటం ఊరికే కాదు.

అమెరికాలోని రెండు రాష్ట్రాల్లో 2004లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఆ సమయానికి గొంతు సమస్యతో ఉన్నవారు టీచర్లలో 11 శాతం, ఇతరుల్లో 6.2 శాతం. ఇది టీచరు ఆరోగ్యం సంగతి. పిల్లల వైపు నుంచి చూస్తే మరో ప్రయోగం ఉంది. 2005లో పరిశోధకులు తొమ్మిది, పదేళ్ల పిల్లలు 107 మందికి పాఠాలు వినిపించి, విన్నదాని మీద ప్రశ్నలు అడిగారు. మామూలు గొంతుతో విన్నప్పుడు పిల్లలు చక్కగా జవాబు చెప్పారు. బొంగురు గొంతుతో విన్నప్పుడు వారి జవాబులు దెబ్బతిన్నాయి. గొంతును విడదీసి వినడానికే చెవి, మెదడు సగం శక్తి ఖర్చు చేస్తే, అర్థం చేసుకోవడానికి మిగిలేది తక్కువ. పరాయి భాషలో పాఠం వింటున్న పిల్లకు ఆ మిగిలేది మరింత తక్కువ. ఒక చిన్న మైకు, కిటికీలకు మందమైన పరదాలు, గొంతు పోయిన రోజు నిస్సంకోచంగా సెలవు అడగగలిగే వాతావరణం, ఇవన్నీ పిల్లల అభివృద్ధి కార్యక్రమాలే. ఏ పథకంలోనూ వాటికి ఆ పేరు ఉండదు, అంతే.

మనసు అలసటకు శాస్త్రంలో బర్నౌట్ అని ఒక పేరు, ఒక కొలత ఉన్నాయి. అమెరికా మనస్తత్వవేత్త క్రిస్టీనా మాస్లాక్ 1981లో తయారుచేసిన ప్రశ్నావళి దాన్ని మూడు ముక్కలుగా చూస్తుంది. ఒకటి, పొద్దున్నే లేచినా తీరని నీరసం. రెండు, ఎదుటి మనుషుల పట్ల మనసు మొద్దుబారడం. మూడు, తన పని వల్ల ఏమీ జరగడం లేదన్న నిస్పృహ. ఈ మూడూ పిల్లవాడికి మూడు రకాలుగా తగులుతాయి. మొదటిదాని వల్ల టీచరు ఆగలేరు. రెండోదాని వల్ల పిల్లవాడి పేరు పోయి, వాడు "ఆ చివరి బెంచీ బ్యాచి" అవుతాడు. మూడోది అన్నింటికన్నా లోతైన దెబ్బ. తన బోధన మీద తనకే నమ్మకం పోయిన మనిషి పిల్లల మీద ఆశ పెట్టుకోలేరు, పెద్దలు తమ మీద ఆశ వదులుకున్నారన్న సంగతి పిల్లలు చాలా త్వరగా పసిగడతారు.

పసిగట్టడం అన్నది మాటవరసకు అనడం లేదు. ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగంలో తల్లి తన పసిబిడ్డతో ఆడుకుంటూ, ఉన్నట్టుండి ముఖంలో ఏ కదలికా లేకుండా బిగుసుకుని కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాస్తుంది, శబ్దాలు చేస్తుంది. అమ్మ ముఖం కదలకపోతే రెండు మూడు నిమిషాల్లోనే కుంగిపోయి మొహం తిప్పేసుకుంటుంది. పెద్దల ముఖంలో స్పందన ఆగిపోవడం బిడ్డకు ఎంత పెద్ద విషయమో అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు ఆ పసితనానికి ఎంతో దూరంలో లేరు. అమ్మను వదిలి తొలిసారి బయటి లోకంలోకి వచ్చినప్పుడు వారికి దొరికే మొదటి ముఖం టీచరుది. కోపాన్ని, భయాన్ని, ఏడుపును అదుపులోకి తెచ్చుకోవడం నాలుగైదేళ్ల వయసులో ఎవరికీ దానంతట అది రాదు. పక్కన నిదానంగా ఊపిరి తీసుకుంటున్న పెద్ద మనిషి ఉంటే, ఆ నిదానాన్ని అరువు తెచ్చుకుంటూ పిల్లలు నేర్చుకుంటారు. టీచరు దగ్గరే లేని నిదానాన్ని పిల్లలు ఎక్కడి నుంచి తెచ్చుకోగలరు?

కెనడాలో ఎవా ఒబెర్లే, కిమ్బర్లీ షోనర్ట్ రైకెల్ 2016లో ప్రచురించిన పరిశోధన దీన్ని ఒంట్లోనే కొలిచింది. 17 మంది టీచర్లు, వారి తరగతుల్లోని 406 మంది పిల్లలు. పిల్లల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును రోజులో కొన్నిసార్లు పరీక్షించారు. ఎక్కువ అలసటతో ఉన్నామని చెప్పిన టీచర్ల తరగతుల్లో పిల్లల ఉదయపు కార్టిసాల్ ఎక్కువగా కనిపించింది. దీన్నిబట్టి టీచరు అలసట పిల్లలకు అంటుకుందని తీర్పు చెప్పేయడం సరికాదు. అల్లరి, కష్టాలు ఎక్కువగా ఉన్న తరగతి టీచరును అలసిపోయేలా చేసి ఉండవచ్చు. పాట్రీషియా జెన్నింగ్స్, మార్క్ గ్రీన్‌బర్గ్ 2009లో చెప్పినట్టు అది రెండు వైపులా తిరిగే చక్రం. టీచరు విసుగు పిల్లల అలజడిని పెంచుతుంది, ఆ అలజడి విసుగును ఇంకా పెంచుతుంది. చక్రాన్ని ఆపాలంటే ఎక్కడో ఒకచోట చెయ్యి వేయాలి. ముప్ఫై మంది పిల్లల కంటే ఒక పెద్ద మనిషి వైపు నుంచి మొదలుపెట్టడం తేలిక. బాధ్యత టీచరుది కావడం వల్ల కాదు, సాయం అక్కడ త్వరగా ఫలిస్తుంది గనుక.

ఆ సాయం అనగానే చాలా చోట్ల ఒక శనివారం యోగా తరగతి, ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఒక పూలకుండీ గుర్తుకొస్తాయి. యోగాను, ధ్యానాన్ని తీసిపారేయనవసరం లేదు. న్యూయార్క్ నగరంలో 36 ప్రాథమిక పాఠశాలల్లో 224 మంది టీచర్లతో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, భావోద్వేగాలను గమనించుకునే శిక్షణ పొందినవారికి ఒత్తిడి కొంత తగ్గింది, వారి తరగతుల్లో పిల్లలకు దొరికే ఆదరణ కూడా మెరుగుపడింది. అయితే టీచరు నెత్తి మీద ఉన్న మూటను దించకుండా, మూట మోస్తూ ఊపిరి ఎలా పీల్చుకోవాలో నేర్పి సరిపెట్టుకుంటే అది సాయం కాదు. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలి. మంచి ఉద్దేశమే. ఆ గంటలు పని వేళల్లో కాకుండా ఆదివారాల్లో, రాత్రి ఆన్‌లైన్ పాఠాల్లో వచ్చి పడితే మూటలోకి ఇంకొకటి చేరినట్టే.

మూటలో ఏముందో చూడటమే మంచిది. 2009 విద్యాహక్కు చట్టం టీచరుకు వారానికి కనీసం 45 పని గంటలు నిర్దేశించింది. ఆ 45 గంటల్లో పాఠం చెప్పడమే కాక పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా ఉందని చట్టం అనుబంధంలో స్పష్టంగా రాసి ఉంది. సిద్ధం కావడం పనేనని చట్టం ఒప్పుకుంది, టైంటేబుల్ మాత్రం ఒప్పుకోదు. ప్రభుత్వ బడిలో ఆ సమయం పాల పంపిణీకి, గుడ్లు అరటిపండ్ల లెక్కకు, మధ్యాహ్న భోజన రిజిస్టరుకు, పిల్లల వివరాలను ఆన్‌లైన్‌లో ఎక్కించడానికి పోతుంది. పాలూ గుడ్లూ పిల్లలకు ఎంతో అవసరం, ఆ పథకాలు నిలవాలి. వాటి లెక్కలు రాయడానికి ఇంకొక మనిషి కావాలి, అంతే.

అదే చట్టం 27వ సెక్షన్ టీచర్లను బోధనేతర పనులకు పంపరాదని చెబుతూ పదేళ్లకోసారి జరిగే జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 2025 సెప్టెంబరు 22న కర్ణాటకలో మొదలైన సామాజిక, విద్యా సర్వేలో ఇంటింటికీ తిరిగినవారిలో ఎక్కువమంది టీచర్లే. దసరా సెలవుల్లో అవుతుందనుకున్న పని కాకపోవడంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల సెలవులను అక్టోబరు 18 వరకు పొడిగించారు. పోయిన పాఠాలకు తర్వాత ప్రత్యేక తరగతులు పెట్టాలన్నారు. వెనకబడిన వర్గాల లెక్క తేలడం సమాజానికి అవసరమైన పనే కావచ్చు. కానీ ఆ లెక్క తేల్చడానికి ఏ వర్గాల పిల్లల చదువు ఆగిందో కూడా లెక్కలోకి రావాలి. సెలవులు లేకుండా మెట్లెక్కి దిగిన మనుషులే ఆ తర్వాత ప్రత్యేక తరగతుల్లో నిలబడ్డారు.

ప్రభుత్వ టీచర్లు బడికి సరిగా రారన్న అభిప్రాయం మన సమాజంలో గట్టిగా పాతుకుపోయింది. 2003లో దేశవ్యాప్తంగా జరిపిన ఆకస్మిక తనిఖీల్లో నాలుగో వంతు టీచర్లు బడిలో కనిపించలేదన్న లెక్క దానికి బలం చేకూర్చింది. బెంగళూరులోని అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లోని 619 బడులను పరిశీలించి, లేనివారు ఎందుకు లేరో కూడా అడిగి, 2017లో నివేదిక ప్రచురించింది. ఏ కారణమూ లేకుండా రానివారు మొత్తం టీచర్లలో దాదాపు 2.5 శాతం. బడిలో కనిపించని మిగతావారు అనుమతితో సెలవులోనో, శిక్షణలోనో, బడి పని మీదో, ప్రభుత్వ పని మీదో బయట ఉన్నారు. ఈ తేడా తెలియకుండా నిఘా పెంచితే దోషులు దొరకరు, పని చేసేవారికి మాత్రం తమను ఎవరూ నమ్మడం లేదని తెలుస్తుంది.

ప్రైవేటు బడుల కథ వేరు. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల బడుల్లో పనిచేసే తెలుగు టీచర్లలో చాలామంది పెళ్లయ్యాక భర్త ఉద్యోగంతో పాటు ఈ ఊరు వచ్చినవారు. అత్తింటివారు, పుట్టింటివారు దగ్గర లేరు. బడి నుంచి ఇంటికి, ఇంట్లో రెండో డ్యూటీకి మధ్య మిగిలేది ట్రాఫిక్కే. తరగతికి 40 మంది చొప్పున నాలుగు సెక్షన్లు ఉన్న టీచరుకు 160 నోటుపుస్తకాలు. ఒక్కోదానికి రెండు నిమిషాలే అనుకున్నా ఒక విడత కరెక్షన్‌కు ఐదు గంటల ఇరవై నిమిషాలు. అది సగం లీజర్ పీరియడ్లలో, సగం రాత్రి భోజనాలయ్యాక జరగాలి. రాత్రి తొమ్మిదికి తరగతి వాట్సాప్ గ్రూపులో "మేడమ్, రేపటి యూనిట్ టెస్టు సిలబస్ ఏమిటి" అన్న ప్రశ్న వస్తుంది. అడిగేవారూ ఆఫీసు నుంచి అప్పుడే చేరిన తల్లిదండ్రులే, వారి తప్పూ కాదు. ఆ గ్రూపు సాయంత్రం ఆరింటికి మూసుకుంటుందని బడి ఒక్క నియమం పెడితే రెండు వైపులా కుదుటపడతారు.

ఉద్యోగ భద్రతలో కొంత కదలిక వచ్చింది. ప్రైవేటు టీచర్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో ఖరారు చేసింది. మనసు బరువెక్కినప్పుడు మాట్లాడుకోవడానికి 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. దానికి దేశస్థాయిలో మార్గదర్శనం చేసే జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉన్నది బెంగళూరులోనే. అయినా ఫోను చేయడానికి టీచర్లు వెనకాడతారు. నలుగురికీ ధైర్యం చెప్పాల్సిన మనిషి దిగులు పడకూడదన్న నమ్మకం ఊళ్లోనే కాదు, వారిలోనూ ఉంది. హెడ్‌మాస్టరు ఒక సోమవారం ప్రార్థన అయ్యాక స్టాఫ్ రూములో ఆ నంబరు చెప్పి, "నేను కూడా ఒకసారి చేశాను" అనగలిగితే ఆ సంకోచం సగం కరుగుతుంది.

ఒక బడి ఈ విషయంలో ఎలా ఉందో తెలుసుకోవడానికి సర్వేలు అక్కర్లేదు. ప్రతి బడిలోనూ సబ్‌స్టిట్యూషన్ రిజిస్టరు ఉంటుంది. ఎవరైనా సెలవు పెట్టిన రోజు ఆ తరగతులకు ఎవరిని పంపారో, ఎవరి లీజర్ పీరియడ్ పోయిందో అందులో తేదీలవారీగా రాసి సంతకాలు తీసుకుంటారు. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినవారు మార్కుల గురించి అడిగినట్టే, గత నెలలో టీచర్లకు వారానికి ఎన్ని లీజర్లు మిగిలాయని కూడా అడగవచ్చు. యాజమాన్యం ఆ పేజీలు తిరగేస్తే, కాదనడం చేతకాని ఒకరిద్దరి పేర్లు దాదాపు ప్రతిరోజూ కనిపిస్తాయి. సాధారణంగా చిన్న తరగతుల టీచర్లవే ఆ పేర్లు. టీచరు మూడు సెకన్లు ఆగి వినాల్సిన పిల్లలు ఉన్నదీ ఆ తరగతుల్లోనే.